రూపాయికి ఎనిమిది పైసలు

ఫారం మీద కడపటి గీత కాడ
నా పెన్ను ఆగిపోయింది.
'ఇంటిపన్ను కట్టేవారి సంతకం' అని ఉంది.
ఇల్లుంటే కదా పన్ను,
పన్నుంటే కదా సంతకం.
మాది ఆదోనిలో బాడుగిల్లు,
జిన్నింగు మిల్లు వెనక వీధి,
గాలి మళ్లినప్పుడల్లా
అన్నంలోకి కూడా దూది వచ్చే వీధి.

షాహీన్ మేడమ్ అద్దాలు తీసి తుడుచుకుంటా
"బాడుగ ఎవరికి కడతావమ్మా?" అనింది.
"గాదిలింగప్పకు."
"ఆయన పన్ను కడతాడా?"
"కట్టిన దినం మా మీద అరిచేది చూస్తే
కడతాడనే అనుకోవల్ల."
మేడమ్ నవ్వి, అట్ట వెనక పెన్సిల్‌తో లెక్క చూపించింది.
పన్ను రూపాయికి ఎనిమిది పైసలు
ఈ బీరువాల పేరు మీద వసూలంట.
ఈ ఫ్యాను, ఈ బల్ల, ఈ పేపర్లు,
గోడ మీది బల్లిని వదిలేస్తే
ఇక్కడుండేదంతా ఆ ఎనిమిది పైసలేనంట.

ఇంటికి నడుస్తా నడుస్తా లెక్క వేసుకున్నా.
ఆయన కట్టేది మా బాడుగలోంచే కదా.
ఏడేండ్లుగా
పత్తి ఏరిన నా వేళ్లలోంచి,
యార్డులో బోరాలు మోసిన మా ఆయన వీపులోంచి
చిల్లర చిల్లరగా పుస్తకాలు కొంటానే ఉన్నాం,
ఒక్కటీ ఇంటికి తెచ్చుకోకుండా.

గాదిలింగప్ప సంతకం పెట్టినాడు.
పెడతా పెడతా అడిగినాడు:
"యాడుంది ఆ లైబ్రరీ?"

కార్డుకు మూడు పుస్తకాలు, పద్నాలుగు దినాలు.
ఇంట్లో నలుగురం.
మొదటి శనివారమే పంచాయితీ అయింది.
భువనకు నక్షత్రాల పుస్తకం, దాంట్లో మాటే లేదు.
మా ఆయనకు పంపుసెట్టు మోటారు విప్పేది,
బొమ్మలుంటే చాలంట, అక్షరాలు నిదానంగా వస్తాయంట.
మూడోది మా అత్తకు.
"నాకెందుకే, నాకు తెలుగు సదివేకి రాదు."
సిరుగుప్పలో పుట్టిన మనిషి.
ముప్పై ఎనిమిదేండ్లుగా మాతో తెలుగే మాట్లాడింది,
బస్సు బోర్డు మాత్రం మమ్మల్నే చదవమనేది.
అసలు చదువే రాదనుకున్నాం, ఇన్నాళ్లూ.

మూల బీరువా, కింది అర.
తాళం బిగుసుకుపోతే
మేడమ్ కొబ్బరినూనె పూసి తీసింది.
కన్నడ పుస్తకాలు.
చివరి తేదీ ముద్ర నా పెండ్లికి ముందరిది.
ఆ రాత్రి మా అత్త గడప మీద కూచోని
వీధి దీపం వెలుతురుకు పుస్తకం వంచి
పెదాలు కదిలిస్తా, వేలు జరుపుతా,
తిరునాళ్లలో తప్పిపోయిన చుట్టాన్ని పోల్చుకున్నట్టు
ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి చూసింది.
పదో పేజీ కాడ గట్టిగా నవ్వింది.
ఏముందని అడిగితే చెప్పలేదు.
మేమెవరమూ వినని నవ్వొకటి
మా ఇంట్లోనే ఉండింది.

నాకేది మరి?
నాకు పదమూడో రాత్రి.
అందరూ పండుకున్నంక
ఏది చేతికొస్తే అది.
మోటారు ఎట్ల కాలిపోతుందో ఇప్పుడు నాకు తెలుసు.
శని చుట్టూ తిరిగేది మంచు ముక్కలని తెలుసు.
కన్నడ అక్షరాలు మాత్రం
మన వాటి అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటాయి,
పిలిస్తే పలికేటట్టే ఉంటాయి,
పలకవు.

ఒకసారి పదకొండు పేజీలు మిగిలిపోయినాయి.
కావాలనే ఆపుకున్నా.
నాలుగు దినాలు ఆలస్యం, నాలుగు రూపాయలు.
మా ఆయన గొణిగినాడు.
"ఏడో తరగతి కాడ ఎగ్గొట్టిన ఫీజు
ఇప్పుడు కట్టినా" అన్నా.

మొన్న భువన తెచ్చిన కథల పుస్తకంలో
నూట రెండో పేజీ కాడ
దూది పోగొకటి ఉంది, గుర్తు పెట్టినట్టు.
నాది కాదు.
ఈ పుస్తకం అట్ట కూడా నేనెప్పుడూ చూడలేదు.
మా మిల్లులో రెండు షిఫ్టులు, అరవైమంది ఆడోళ్లం.
రేపు సద్దిమూటలు విప్పేటప్పుడు
ఊరికే ఒక మాట అని చూడల్ల:
"నూట రెండు."
ఎవరు తలెత్తుతారో.

పోగు తీయలేదు నేను.
అట్లే ఉంచి
పేజీ తిప్పినా.